సుంకవ్వ రెండు కడవల గిలక

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక కోట, కోటలో ఒక బావి, బావి దగ్గర ఒక సుంకవ్వ. వాళ్ళింటిది తరతరాల నీళ్ళ వెట్టి. కూలి లేదు, సెలవు లేదు, రోజుకి నూరు కడవలు తోడాలి. అత్త నడుం వంగిందీ అక్కడే, సుంకవ్వ చేతులు కాయలు కాసిందీ అక్కడే.

ఒకసారి రాజు చాటింపు వేయించాడు. ఎవరికీ తట్టని ఉపాయం కనిపెడితే వాళ్ళింటికి వెట్టి మాఫీ అని.

సుంకవ్వ తోడుతూ ఆలోచించింది, మోస్తూ ఆలోచించింది. గిలక మీది తాడుకి రెండు కొసలా రెండు కడవలు కట్టింది. ఖాళీది దిగుతుంటే నిండుది ఎక్కుతోంది. దిగేదాని బరువే ఎక్కేదానికి సాయం.

ఊ కొట్టండర్రా, గోడకి చెబుతున్నానా?

సభలో పండితులు చూశారు. తాడు పాతదే అన్నాడొకడు. గిలక పాతదే అన్నాడింకొకడు. కడవా పాతదే, బావీ పాతదే, నీళ్ళు మరీ పాతవి అన్నాడు మూడోవాడు. కళ్ళతో చూశాక అందరికీ తట్టింది మరి! కుదరదు పొమ్మన్నారు.

సుంకవ్వ రాజుకే మొరపెట్టుకుంది. అంత తేలికైతే ఇన్నాళ్ళూ మీలో ఒక్కరికీ తట్టలేదేం అని అడిగింది. మేమెన్నడైనా నీళ్ళు తోడామా, తోడి ఉంటే తొలిరోజే తట్టేది అన్నారు పండితులు. విన్నారా పొగరు!

రాజు తల గోక్కుని, సరే, తోడేవాళ్ళనే అడుగుదాం అన్నాడు. అత్తని పిలిపించారు. సుంకవ్వ గుండె కుదుటపడింది. నలభై ఏళ్ళు తోడిన మనిషికి తట్టలేదంటే ఇంకేం కావాలి?

కానీ పదిమందిలో ఇంటి ఆడదాని పని మెచ్చుకోవడం అత్తకి తెలిస్తే గదా! కూర బాగుందన్నా ఏముందిలెండి అనడమే అలవాటు. కొంగు కప్పుకుని, తల వంచుకుని, "ఇందులో ఏముంది దొరా, ఆడవాళ్ళ పని. ఎవరైనా చేస్తారు," అంది.

కరణం రాసేసుకున్నాడు.

"అయ్యో, అది కాదు దొరా..." అంటూ అత్త అడుగు ముందుకేసేసరికి రాజు లేచి వెళ్ళిపోయాడు.

అందరికీ తెలిసిందే గనక గిలక అందరిదీ అయింది. తోడటం తేలికైంది గదా అని నూరు కడవల్ని రెండొందలు చేశారు. రాజు సుఖం, పండితులు సుఖం, రాజుగారి గుర్రాలు మరీ సుఖం.

సుంకవ్వా? ఆమె తాడు లాగింది, అత్త కడవ దించుకుంది. రెండొందల కడవలూ అయ్యేదాకా అత్త తలెత్తి కోడలి మొహం చూడలేదు.

అమ్మలూ, మీ చేతిపని గురించి ఎవరడిగినా 'ఏముందిలే' అనకండి. మీ అమ్మ అన్నా ఒప్పుకోకండి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్ల దారి పట్టండి.