చెరుకు విల్లు

"ప్రేమకు గుర్తుగా బాణమెందుకమ్మా?" అని అడిగింది కుముద.

కాళహస్తిలో కలంకారీ బొమ్మలు గీసే సుబ్బరత్నమ్మకు ప్రశ్నలంటే విసుగు లేదు, జవాబులు చెప్పడమంటేనే విసుగు. వచ్చే ఏటి ప్రేమికుల రోజుకని ఒక దుకాణం వాళ్లు ముందుగానే ఆమెకు పని అప్పగించారు. గోడకు వేలాడే బట్ట మీద ఒకవైపు మన మన్మథుడు, రెండోవైపు పడమటి దేశాల రెక్కల పిల్లవాడు ఉండాలి. ఇద్దరి చేతుల్లోనూ విల్లే. శిష్యురాలు కుముద రెండు కథలూ చదివి వచ్చింది. తపస్సులో ఉన్న శివుణ్ణి అడక్కుండా బాణం వేసి మన్మథుడు బూడిదయ్యాడు. ఏడ్చి, బతిమాలి అతన్ని తిరిగి తెచ్చుకోవడం రతీదేవి వంతయింది. ఆ రెక్కల పిల్లవాడి తల్లి ప్రేమదేవత. చావుబతుకుల్లో ఉన్న ప్రియుడి కోసం పరుగెత్తితే గులాబీ ముల్లు ఆమె కాల్లో దిగిందట. తెల్లపువ్వు ఎర్రబడింది ఆ నెత్తురుకే.

"నెత్తురు ఆవిడది, పేరు పువ్వుది," అంది సుబ్బరత్నమ్మ.

కుముద అడిగింది బొమ్మ గురించే కాదని ఆమెకు తెలుసు. సెల్‌ఫోన్ల కొట్టు మునిశేఖర్ "నీ చూపు నా గుండెలో దిగింది, ఈ ప్రేమికుల రోజున వస్తా, ఔననాల" అని చెప్పి వెళ్లాడు. కుముదకు కాదనాలని ఉంది. అంతగా ప్రేమించేవాణ్ణి కాదంటే పాపం తగులుతుందని సొంత వదినే అంటోంది. వీధి సంగతి సరేసరి.

ఆ రోజు అతను ఎర్రగులాబీతో, బాణం దిగిన గుండె బొమ్మ అట్టతో రానే వచ్చాడు. ఏ బొమ్మకైనా ముందు మనుషుల్ని ఆ భంగిమలో నిలబెట్టి చూడటం సుబ్బరత్నమ్మ అలవాటు. చెరుకుగడకు పురికొస కట్టి విల్లు చేసి, బాణానికి మామిడి పూత రెమ్మ తెంపి ఉంచింది.

"మంచి సమయానికి వచ్చినావు నాయనా. మన్మథుడుగా నిలబడు."

మునిశేఖర్ మురిసిపోయి నిలబడ్డాడు. ఎదురుగా కుముద తల తిప్పుకుని నిలబడింది. సుబ్బరత్నమ్మ చింతబొగ్గుతో ఇద్దరినీ గీసుకుంది.

"ఇప్పుడు చోట్లు మారండి."

కుముద విల్లు ఎక్కుపెట్టింది. నవ్వుతున్నవాడు కాస్తా తాడు సాగేసరికి అట్టను గుండెకు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాడు.

"ఏయ్, ఆగు! చెప్పి వెయ్యాల గదా!"

"మామిడి పూతే కదరా," అంది సుబ్బరత్నమ్మ.

"పూతయితే మాత్రం? నేను రెడీ అనాలా వద్దా?"

కుముద విల్లు దించింది. "నేనూ అనలేదు శేఖరా," అంది. "అనను కూడా."

అతను ఆమెవైపు, ఆపైన అట్టవైపు చూశాడు. గులాబీ పట్టుకునే గడప దాటాడు. వీధి రేపు ఏమంటుందో కుముదకు తెలుసు.

బెల్లం నీళ్లలో ఇనుము ఊరేసి చేసిన నల్లరంగులో కలం ముంచి, రంగు పాకకుండా పాలు పట్టించిన బట్ట ముందు కుముద కూర్చుంది. ఆ రంగు పడితే చెరగదు. అందుకే కలం ఆపి అడిగింది.

"బాణం గీయనా, మాననా అమ్మా?"

"ముందు ఆ బాణానికి ఎదురుగా నిలబడ్డామె ముఖం గీయి," అంది సుబ్బరత్నమ్మ. "బాణం సంగతి తరవాత చూద్దాం."