సాక్షమ్మ తలంటు

కాళ్ళు కడుక్కున్నారా ఇద్దరూ? విఘ్నేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నారా? పెట్టుకోకపోతే ఇప్పుడు పెట్టుకోండి. ఇవాళ్టి కథలో ఆయనకి చిన్న పని ఉంది. ఒరే రాఘవులూ, దుప్పటంతా నువ్వే లాక్కోకు, చెల్లికి కాళ్ళు బయటికొచ్చాయి చూడు.

అనగనగా అని ఎన్నిసార్లంటే అంత వెనకటి మాట ఇది. మెట్టపురం అని ఒక పట్నం ఉండేదట. సగం పట్నం మెట్ట మీద, సగం పల్లంలో. మెట్ట మీద రాజుగారి కోట, మంత్రిగారి మేడ, అధికార్ల లోగిళ్ళు. పల్లంలో కుండలు చేసేవాళ్ళు, బట్టలు నేసేవాళ్ళు, మట్టి తవ్వేవాళ్ళు. దాన్ని పల్లప్పేట అనేవారు. పేట పక్కనే బుసలవాగు. వాన పడితే మెట్ట మీద వాళ్ళు వేడి వేడి పకోడీలు వేయించుకునేవారు. పల్లంలో వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఇంటి కప్పు ఎక్కేవారు. ఒకటే వాన, ఒకటే ఊరు. చూశారా ఎంత అన్యాయమో!

ఆ పల్లప్పేటలో అంకాలు అని ఒక కోడలు పిల్ల. మామ తిరుపాలు మట్టి పనివాళ్ళందరికీ పెద్ద మేస్త్రి. అత్త నాంచారమ్మ నోరు విప్పిందంటే కాకులు లేచిపోవాల్సిందే. మొగుడు పొరుగు రాజ్యంలో కోట కందకం తవ్వడానికి పోయాడు. చంకలో ఏడాది కూతురు. కిందటేడు వాగు వచ్చినప్పుడు అంకాలు ఆ పిల్లని గంపలో పెట్టి, గంప నెత్తిన పెట్టుకుని, ఒకటిన్నర రోజు కప్పు మీద నిలబడింది. కూచుంటే నీళ్ళు తగిలేవి మరి. పక్కింటి సాలెవారి కోడలూ అలాగే నిలబడింది గానీ, పాపం, ఆవిడ కాలు జారింది. పిల్ల చేజారింది. ఇంక ఆ మాట వద్దులెండి.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, గోడకి చెప్పమంటారా?

ఆ కబురు విని రాజుగారు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పాపం మనసున్నవాడే. వాగు నీళ్ళు పేట మీదికి రాకుండా పక్కకి తిప్పే వరద కాలువ తవ్వించండి, మూడు నిలువుల లోతు, అని ఆజ్ఞ వేశాడు. మూడు నిలువులంటే ముగ్గురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినంత. ఖజానా తెరిచాడు. తెరిచి, ఆ కాలువ పని వీరభోగయ్య అనే అధికారికి అప్పజెప్పి, లోపలికి పోయాడు. అక్కడే వచ్చింది తంటా.

ఇప్పుడు మట్టి పనివాళ్ళ కట్టుబాటు ఒకటి చెప్పాలి, జాగ్రత్తగా వినండి. ఎంత పెద్ద కాలువ తవ్వినా నడిమధ్యలో ఒక్క దిమ్మ తవ్వకుండా వదిలేస్తారు. చుట్టూ మట్టి పోతుంది, అదొక్కటి స్తంభంలా నిలబడుతుంది. దాని నెత్తిన మొదటి రోజు గడ్డి అలాగే ఉంటుంది. నేల ఎంత ఎత్తున ఉండేదో, ఎంత లోతు తవ్వారో చెప్పే సాక్షి అదే. అందుకని దాన్ని సాక్షమ్మ అంటారు. మొదటి గునపం పడకముందు మేస్త్రి ఇంటి కోడలు ఆ దిమ్మ నెత్తిన పసుపు రాసి, కుంకం పెట్టి, ఒక నల్లగాజు ఉంచి, అక్కడి గరికే రెండు పోచలు కోసి వినాయకుడికి పెడుతుంది. పని అయ్యాక ఆ కోడలే సాక్షమ్మకి నీళ్ళు పోసి తలంటాలి. అప్పుడు మేస్త్రి దిమ్మ మీద చెయ్యేసి, ఈ సాక్షి నిజం అని ప్రమాణం చెయ్యాలి. అదైతేగాని కాలువలోకి నీళ్ళు వదలరు.

పని మొదలైంది. అంకాలు పసుపు రాసింది, కుంకం పెట్టింది, గాజు ఉంచింది. ఒక నిలువు లోతు దిగారో లేదో, వీరభోగయ్య వచ్చి చాలు చాలు, ఇళ్ళకి పొండి అన్నాడు. ఇదేమిటి బాబూ ఇంకా రెండు నిలువులుంది కదా అని తిరుపాలు అడిగితే, నీ పని తవ్వడం, లెక్క చూడ్డం కాదు అని కసిరాడు. కూలోళ్ళని పంపేశాడు. తన మనుషుల్ని పెట్టి, తవ్విన మట్టినే తెచ్చి రెండు గట్ల మీదా రెండు నిలువుల ఎత్తున పోయించాడు. సాక్షమ్మ నెత్తి మీదా అంతే ఎత్తు పోయించి, తడిపి నున్నగా మెత్తించి, పైన గడ్డి అతికించాడు. అడుగు నుంచి చూస్తే మూడు నిలువులు! తవ్వింది ఒకటి, పోసింది రెండు. మిగిలిన సొమ్ము ఎటు పోయిందంటారా? మెట్ట మీద లోగిళ్ళకి కొత్త మేడలు లేచాయి.

తనిఖీకి ఒకడొచ్చాడు. వాడింట్లో పాడి గేదె దిగింది. కరణం వచ్చాడు. వాడి పెళ్ళానికి వడ్డాణం దిగింది. మంత్రి దగ్గరికి కాగితం పోయింది, కాగితంతో పాటు పల్లకీ పోయింది. ఇంకేముంది! కొలిచినవాడు చూడలేదు, చూసినవాడు రాయలేదు, రాసినవాడు చదవలేదు, చదివినవాడు అడగలేదు. మూడు నిలువులే, మూడు నిలువులే అని అందరూ పాట పాడారు.

ఇంక తిరుపాలు ప్రమాణం ఒక్కటే మిగిలింది. తిరుపాలు చెయ్యనన్నాడు. వెండి కడియం ఇస్తామన్నారు, చెయ్యనన్నాడు. పొలం ఇస్తామన్నారు, చెయ్యనన్నాడు. అయితే కాలువ తప్పుగా తవ్వింది నువ్వే అని చెరసాల్లో వేశారు. రాజుగారు నీళ్ళు వదిలే రోజుకి, అంటే ఎనిమిది రోజులకి, ఒప్పుకుంటే సరేసరి, లేకపోతే కుటుంబంతో సహా దేశం దాటిస్తామన్నారు. దొంగలు బయట, నిజం చెప్పినవాడు లోపల! నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పేటలో పెద్దలు వచ్చి అంకాలుకి నచ్చజెప్పారు. అందరూ చేసే ప్రమాణమేగా, ఒక్క మాట అనేస్తే మీ మామ ఇంటికొస్తాడు కదమ్మా అన్నారు. అంకాలు చంకలో పిల్లని చూసింది. "ఈసారి గంప ఎవరి నెత్తిన పెట్టుకోవాలి తాతా, మీ నెత్తినా?" అంది. వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోయారు.

రాజుకే చెప్పుకుందామని కోటకి బయల్దేరింది. మొదటి వాకిలి దగ్గర భటుడు కోడిపెట్ట ఏదీ అన్నాడు. రాజుగారితో పనమ్మా అంది. రాజుగారితో పని ఉన్నవాళ్ళే కోడిపెట్ట తెస్తారు అన్నాడు వాడు. ఇదిగో అని ఉన్న పెట్టని ఇచ్చింది. రెండో వాకిలి దగ్గర నెయ్యి ఏదీ అన్నారు. పక్కింట్లో అడిగి తెచ్చింది. మూడో వాకిలి దగ్గర గుమాస్తా, నీ ఫిర్యాదు దేని గురించి అని అడిగాడు. లంచాల గురించి అయ్యా అంది. "అయితే దానికి వేరే రేటు" అన్నాడట! నవ్వకండర్రా, నవ్వే మాట కాదది. ఆ తల్లి అక్కణ్ణించే వెనక్కి తిరిగింది.

వస్తూ వస్తూ కాలువ గట్టున ఆగింది. సాక్షమ్మ నెత్తి వంక చూసింది. చూసి తెల్లబోయింది. అక్కడ అతికించింది గరిక కాదు, తుంగ! తుంగ నీటి ఒడ్డునే పెరుగుతుంది, పొడి నేలలో మొలిచే గడ్డి కాదది. ఎండకి వాడి వేలాడుతోంది. జన్మలో మట్టి ముట్టుకోని అధికార్లకి గడ్డంటే గడ్డేగా! అంకాలుకి మామ కట్టుబాటు గుర్తొచ్చింది. తలంటు! ఆ తలంటు సంగతే వీళ్ళకి తెలీదు. గబగబా ఇంటికొచ్చి అత్తతో చెప్పింది. నాంచారమ్మ చీర కొంగు బిగించి పేటలో ఇల్లిల్లూ తిరిగింది. ఏం చెప్పిందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఎనిమిదో రోజు వచ్చింది. మేళాలు, పందిళ్ళు, కొబ్బరికాయలు. రాజుగారు గట్టున సింహాసనం మీద కూచున్నాడు. చేతులు కట్టేసి తిరుపాలుని తెచ్చారు. ఊఁ, చెయ్యెయ్యి అన్నాడు వీరభోగయ్య. అప్పుడు అంకాలు నెత్తిన బిందెతో ముందుకొచ్చి, రాజుగారికి దణ్ణం పెట్టింది. తలంటు కాకుండా సాక్షమ్మని ముట్టకూడదు మహారాజా, అది మా కులదేవత ఆచారం అంది. రాజుగారు భక్తిపరుడు. ఆచారమైతే కానివ్వండి అన్నాడు. వీరభోగయ్య ఒక్క బిందెకేంలే అనుకున్నాడు.

గట్టు మీంచి దిమ్మ మీదికి తాటిదుంగ వేశారు. అంకాలు నడిచివెళ్ళి బిందె కుమ్మరించింది. వెనకే నాంచారమ్మ బిందె. ఆ వెనక కుమ్మరి ఆడవాళ్ళు, సాలెవారి ఆడవాళ్ళు, అందరి నెత్తినా బిందెలే! పిల్లని పోగొట్టుకున్న ఆ సాలెవారి కోడలు అందరికంటే పెద్ద బిందె తెచ్చింది.

వీరభోగయ్యకి చెమటలు పట్టాయి. "ఒక్క బిందె చాలదటే?" అని అరిచాడు.

"మా తల్లికి ఒళ్ళంతా మీ చేతి మురికే కదా బాబూ, ఒక్క బిందెతో వదులుతుందా?" అంది నాంచారమ్మ.

పోశారు, పోశారు, పోశారు. పోసిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా జారింది. తుంగ కొట్టుకుపోయింది. దుంగ గట్టునే వేలాడింది, దిమ్మ కిందికి దిగిపోయింది, ఆడవాళ్ళు గట్టు మీంచే నీళ్ళు విసిరి పోశారు. రెండు నిలువులు కరిగాక నీళ్ళు ఇంక దేన్నీ కరిగించలేకపోయాయి. అసలైన సాక్షమ్మ నెత్తి బయటపడింది. ఎండ లేక తెల్లబడ్డ గరిక, పసుపు మరక, కుంకం మరక, నడుమ అంకాలు ఉంచిన నల్లగాజు. ఒక్కటంటే ఒక్క నిలువు!

అందరూ నోళ్ళు తెరిచారు. అంకాలు మాత్రం నోరు తెరిచి మాట్లాడింది. "ఆడవాళ్ళ బిందెలకే ఇంత కరిగింది. ఈ గట్లూ అదే మట్టి మహారాజా. వాగొస్తే ఆగుతాయా? మా పేట మీద వాగుతో పాటు ఈ మట్టీ పడుతుంది" అంది.

రాజుగారు లేచాడు. వీరభోగయ్యని అడిగితే తనిఖీవాడు ఒప్పుకున్నాడన్నాడు. తనిఖీవాడు కరణాన్ని చూపించాడు. కరణం మంత్రిని చూపించాడు. మంత్రి నేల చూపులు చూశాడు. కొలిచినవాడు చూడలేదు, చూసినవాడు రాయలేదు, రాసినవాడు చదవలేదు, చదివినవాడు అడగలేదు. అదంతా విని రాజుగారు తిరుపాలుని, మరి నువ్వేమంటావు మేస్త్రీ అని అడిగాడట.

తిరుపాలు కట్టిన చేతులతోనే దణ్ణం పెట్టి, "తవ్వించమన్నారు గానీ తమరూ ఒక్కసారి దిగి చూడలేదు ప్రభూ" అన్నాడు.

రాజుగారు తల దించుకున్నాడు. దించుకుని, తన చేత్తో తిరుపాలు కట్లు విప్పాడు.

ఏం శిక్ష వేశాడో చెప్పుకోండి చూద్దాం. తల తీయించాడా? ఉహూఁ. వీరభోగయ్య మొదలు మంత్రి దాకా లంచం ముట్టిన ప్రతివాడూ కాలువలో దిగి, మిగిలిన రెండు నిలువులూ సొంత చేతుల్తో తవ్వాలన్నాడు. పైన తిరుపాలు మేస్త్రి. అంతవరకూ వాళ్ళ కాపురాలు పల్లప్పేటలో, పేట జనం కాపురాలు వాళ్ళ మేడల్లో! కోటవాకిలి భటుడు, గుమాస్తా కూడా తట్టలు మోశారు. అంకాలు కోడిపెట్టని మాత్రం తిరిగిచ్చారు లెండి, నెయ్యి అప్పటికే తినేశారు.

మబ్బు పట్టడం చూసి వాళ్ళు ఎంత తొందరగా తవ్వారనుకున్నారు! మూడు నెలల పని ముప్ఫై రోజుల్లో అయింది. తమ పిల్లలు పల్లంలో ఉంటే గునపం ఎంత బాగా దిగుతుందో చూశారా? అరచేతులు బొబ్బలెక్కిన మంత్రి గుడికొచ్చి దణ్ణం పెట్టబోతే రెండు చేతులూ కలవలేదట.

అంకాలు మళ్ళీ సాక్షమ్మకి తలంటింది, ఈసారి ఒక్క బిందెతో. తిరుపాలు చెయ్యేసి ప్రమాణం చేశాడు. ఆ పక్కన రాజుగారూ చెయ్యేశాడు. మర్నాడే వాన. వాగు బుసలు కొడుతూ వచ్చింది, కాలువ చూసుకుంది, బుద్ధిగా అటు తిరిగిపోయింది. అంకాలు మొగుడూ వానకి తడుస్తూ ఇల్లు చేరాడు. ఆ రోజు పల్లప్పేటలో ఇంటింటా పకోడీలే! అంకాలు కూతురు గంపలోనే పడుకుంది గానీ, ఆ గంప నేల మీద ఉంది.

అందుకని తల్లుల్లారా, పెద్దయ్యాక మీకెవరైనా పని అప్పజెబితే, ఆ నీళ్ళు మీ ఇంటి మీదికే వస్తాయన్నట్టు చెయ్యండి. తప్పని తెలిసి చెయ్యెయ్యమంటే, వెయ్యకండి. విఘ్నేశ్వరుడు తన గరిక ఎక్కడ పాతిపెట్టినా కనుక్కుంటాడు.

ఇంక ఊ కొట్టక్కర్లేదు. కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి. రాఘవులూ, చెల్లికి దుప్పటి కప్పు. ఆఁ, సగం నీకు, సగం దానికి. సరిగ్గా పంచావో లేదో నేను లేచి చూస్తాను.