కాకిదొండ తీగ మీది బంగారు పురుగు

తంగేడుగుట్ట అడవిలో ఏనుగులు, జింకలు, కుందేళ్లు, లెక్కలేనన్ని పురుగులు, ఒకే ఒక్క ముళ్లపంది ఉండేవి.

అక్కడి ఏనుగులకు ఒక మంచి అలవాటు ఉండేది. కొత్త దారి తొక్కే ముందు, ఆ చుట్టుపక్కల ఎవరెవరు బతుకుతున్నారో రాయించుకునేవి. చిన్న ప్రాణుల ఇళ్లు తమ కాళ్ల కింద నలగకూడదని వాటి ఆశ.

రాసే పని ముళ్లపందిది. కలం కావాలంటే సొంత వీపు మీది ముల్లే పీక్కోవాలి. అందుకే దానికి పొడుగు జవాబులంటే ఒళ్లుమంట.

ఒక ఎండాకాలం ఏనుగుల మడుగు ఎండిపోయింది. గుట్ట అవతలి వాగుకు దారి వెయ్యాల్సి వచ్చింది. ముళ్లపంది తాటాకు పట్టుకుని బయల్దేరింది.

వాగు దగ్గర ఒక కాకిదొండ తీగ ఉంది. దాని మీద ఒక పెంకుపురుగు కూర్చుని ఆకు కొరుకుతోంది. పెంకుపురుగులన్నీ పేడలోనే ఉంటాయని నాలాంటి తెలివిగలవాళ్లు అనుకుంటారు. కాదు పిల్లలూ, ఇది ఆకు తప్ప ఇంకేదీ ముట్టదు.

"రెండే ప్రశ్నలు. ఎలా ఉంటావు? ఎక్కడ ఉంటావు?" అంది ముళ్లపంది.

"కళ్లు లేవా మామా? చూసి రాసుకో."

ముళ్లపంది పైకి చదువుతూ రాసింది. "కందిగింజంత ఒళ్లు. పసుపు రెక్కలు. వాటి మీద ఆరు నల్లచుక్కలు. పొట్టి కాళ్లు."

"కందిగింజా! చింతగింజంత అని రాయి. పసుపేమిటి, మేలిమి బంగారం! కాళ్ల సంగతి నిన్నెవరడిగారు?"

ముళ్లపంది కొట్టేసి మళ్లీ రాసింది. ముల్లు విరిగింది. "అబ్బా!" అంటూ ఇంకోటి పీక్కుంది.

"మీసాలు మరిచావు మామా. ఎంత నాజూకుగా ఉన్నాయో రాయి."

మూడో ముల్లు అయింది. నాలుగోదీ అయింది. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"బాబ్బాబు, రెండో ప్రశ్నకు రా. ఎక్కడ ఉంటావు?"

నిజానికి ఆ పురుగు బతికేది ఆ ఒక్క తీగ మీదే. వేరే ఆకు దానికి పడదు. ఆ మాట చెప్పుకోవడం దానికి నామోషీ అనిపించింది.

"నాలుగు గుట్టలూ, రెండు వాగులూ నావే. ఈ అడవిలో నేను లేని చోటు లేదు."

"నిన్ను ఇక్కడ తప్ప ఎక్కడా చూడలేదే!"

"నేలచూపులు చూసేవాడికి ఏం కనిపిస్తుంది? రాయి, రాయి."

"నీ ఖర్మ," అని ముళ్లపంది చెప్పింది చెప్పినట్టే రాసింది.

ఎదురుగా ఒక రాయి కింద నత్త ఉంది. అది అడక్కముందే చెప్పింది. "మట్టిరంగు. ఈ రాయి కిందే ఉంటాను. అంతే అన్నా."

"ఇంకేం లేదా?"

"పాపం, నీ వీపు చూస్తున్నాను కదా."

ముళ్లపందికి ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాడు పెద్దఏనుగు తాటాకు చదివించుకుంది. వాగులోకి దిగడానికి రెండే చోట్లున్నాయి. నత్త రాయి వైపు ఒకటి, కాకిదొండ తీగ వైపు ఒకటి.

"నత్తకు ఉన్నది ఒక్క ఇల్లు. పురుగుకు అడవంతా ఇళ్లే," అంది పెద్దఏనుగు. అయినా తీగ దగ్గర ఆగి అడిగింది. "ఏం నాయనా, దీన్ని తొక్కమంటావా?"

జింకలు, కుందేళ్లు అన్నీ చూస్తున్నాయి. నిజం చెప్పేద్దామని పురుగుకు అనిపించింది. కానీ అందరి ముందు అబద్ధాలకోరు అనిపించుకోవడం ఎలా?

"ఆ, తొక్కుకోండి. ఇలాంటివి నాకు బోలెడు," అంది.

పురుగు పక్కకు ఎగిరింది. ఏనుగులు నడిచాయి. తీగ వేళ్లతో సహా నలిగిపోయింది.

పురుగు నాలుగు గుట్టలూ తిరిగింది. కనిపించిన ఆకునల్లా కొరికింది. ఒకటి చేదు, ఒకటి వగరు, ఒకటి బిరుసు. కాకిదొండ మాత్రం ఎక్కడా లేదు.

నత్త పని హాయిగా ఉంది. ఎదురు దారిలో నీళ్లు తాగి వచ్చే ఏనుగుల తడికాళ్ల నుంచి చిందిన నీళ్ల వల్ల దాని రాతి చుట్టూ ఎండాకాలమంతా నాచు పచ్చగా పెరిగింది.

వారానికి పురుగు చిక్కి శల్యమై ముళ్లపంది దగ్గరికి వచ్చింది. "మామా, తప్పు చెప్పాను. కొట్టేసి సరిగ్గా రాయి."

ముళ్లపంది పళ్లు నూరింది. అయినా వీపు తడుముకుని ఒక ముల్లు పీక్కుంది. పాత మాట కొట్టేసింది.

"సరే చెప్పు. ఎక్కడ ఉంటావు?"

పురుగు నోరు తెరిచింది. చెప్పడానికి చోటు లేదు.

నీతి: ఉన్న ఒక్క చోటును దాచి ఊరంతా నాదే అన్నవాడికి, చివరికి ఆ ఒక్కటీ మిగలదు.