వంగని తోరణం

రాజ్యం పేరెందుకులెండి, అక్కడ వీరకేతుడనే రాజుండేవాడు. కండలున్నవాడు, రోజూ కసరత్తు చేసేవాడు, అంతవరకూ బాగానే ఉంది. ఆ సంగతి పూటపూటా అందరిచేతా చెప్పించుకునేవాడు, అదీ తంటా!

ఒకసారి తన పుట్టినరోజు పండక్కి రాజవీధికి అడ్డంగా, రెండు బురుజుల మధ్య కంచు గంటల తోరణం కట్టించాడు. గంటల బరువుకి, వాటిని కట్టిన లావుపాటి మోకుతాడు మధ్యలో కాస్త కిందికి జారింది. రాజుగారికి ఒళ్లు మండిపోయింది.

"నా తోరణం తలవంచుతుందా? గీత గీసినట్టుండాలి. లాగండి!"

లాగారు. మోకు పుటుక్కున తెగి గంటలన్నీ వీధిలో దొర్లాయి. ఇంకా లావు మోకు తెచ్చి లాగారు. అదీ అంతే.

"ఈ మోకులు పేనిన సిద్ధప్ప మోసగాడు! పెళ్లాం బిడ్డలతో సహా పొద్దుగూకేలోగా పొలిమేర దాటించండి!" అన్నాడు రాజు.

భటులు సిద్ధప్పను పట్టుకొచ్చారు.

అతన్ని చూసి ఆస్థానంలో చమత్కారిగా పేరున్న పేరిశాస్త్రికి కడుపు తరుక్కుపోయింది. ఎదురు చెబితే రాజు మరింత బిగుసుకుంటాడని తెలుసు. అందుకని, "ప్రభూ, మోకు సంగతి అలా ఉంచండి. తమ భుజబలం ఒక్కసారి కళ్లారా చూడాలని ఉంది," అన్నాడు.

ఇంకేముంది! సభనంతా వెంటబెట్టుకుని రాజు తను కసరత్తు చేసే గరిడీకి బయల్దేరాడు. సిద్ధప్పని పట్టుకుని భటులూ వెళ్లారు. అక్కడ దూలానికి వరసగా ఇనుప కడియాలుంటాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెంటిని పట్టుకుని, చేతులు నిటారుగా పైకెత్తి వేలాడాడు.

"ఓస్, ఇంతేనా? ఇలా సాయంత్రం దాకా ఉంటాను!"

"తప్పకుండా ఉంటారు. ఇప్పుడు ఎడంగా ఉన్న ఆ రెండూ పట్టుకోండి ప్రభూ."

రాజు ఎత్తుపీట ఎక్కి, చేతులు బార్లా చాపి పట్టుకున్నాడు. శాస్త్రి పీట లాగేశాడు.

రాజు మొహం కందగడ్డయింది. చేతులు గడగడా వణికాయి. వదిలేస్తే సభ ముందు పరువు పోతుంది, పట్టుకుంటే ప్రాణం పోయేలా ఉంది.

"ఏం ప్రభూ, ఇంతలోనే తమరేమైనా బరువెక్కారా?"

"బరువదే శాస్త్రీ! చేతులే ఊడొస్తున్నాయి!"

"చిత్తం. చేతులు పైకున్నప్పుడు వాటి లాగుడంతా బరువెత్తడానికే పనికొచ్చింది. అడ్డంగా చాచాక లాగుడంతా పక్కలకే పోతోంది, పైకెత్తేది పిసరంత. ఆ పిసరుతోనే అంత బరువూ మోయాలంటే ఎన్నింతలు గుంజుకోవాలో చూడండి! గీతలా లాగితే మోకు కూడా ఇదే మొరపెట్టుకుంది. నోరు లేదు కనక తెగి ఊరుకుంది. ఇంకా ఎడంగా కడియాలున్నాయి, చూపించనా?"

"వద్దు బాబోయ్! సిద్ధప్పని వదిలేయండి! ముందు నన్ను దింపండి!"

పీట మళ్లీ కాళ్ల కిందికి చేరింది. రాజు దానిమీదే కూలబడి ఆయాసపడ్డాడు. భటులు సిద్ధప్పను వదిలేశారు. అతను కళ్లు తుడుచుకుంటుంటే చూసి రాజుకి సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వూ ఆగలేదు.

"నన్నే మోకుని చేశావు కదయ్యా శాస్త్రీ!" అంటూ బహుమతిగా ముత్యాల హారం తీయబోయాడు. చేతులు మెడ దాకా లేస్తేగా! "నువ్వే తీసుకోవయ్యా," అన్నాడు చివరికి.

"మరి తోరణం ఎలా కట్టమంటారు ప్రభూ?" అని మంత్రి మెల్లగా అడిగాడు.

"జారనివ్వవయ్యా!" అన్నాడు రాజు భుజాలు రుద్దించుకుంటూ. "దాని బాధ నాకు తెలుసు!"