వట్టి రొట్టె

కాషాయం ఇమ్మని ఎవరు వచ్చినా ఓబుళయ్య స్వామి ముందు అడిగే మాట ఒకటే: “పొద్దున ఏం తింటివప్పా?” పెద్ద పెద్ద సందేహాలు మూటగట్టుకుని వచ్చినవాళ్ళకు ఆ ప్రశ్న చప్పగా ఉండేది. కదిరి దగ్గర ఆయన ఆశ్రమమంటే కొన్ని రేకుల గదులు, ఒక వంటిల్లు, అంతే. ఏటా కొన్నాళ్ళు అక్కడ గడిపే నాకు కూడా ఆ ప్రశ్న విలువ పెన్నోబిలేసు వచ్చేదాకా తెలియలేదు.

పెన్నోబిలేసు ఉరవకొండలో లెక్కల మాస్టరు. బక్కచిక్కిపోయి, ఎవరిదో అడిగి తొడుక్కున్నట్టున్న చొక్కాతో వచ్చి స్వామి కాళ్ళకు మొక్కాడు. అలవాటు ప్రశ్న పడగానే, “అన్నం, పెసరకట్టు. కొన్ని నెలల నుంచి అదే స్వామీ” అన్నాడు, కాస్త గర్వంగానే. “గోధుమలు వదిలితి, పాలు వదిలితి, కందిపప్పు, వంకాయ అన్నీ వదిలితి. తిండి మీద ఆశే పాయె. ఇంగ ఇల్లు కూడా వదుల్దామని వచ్చినా. వదిలేదే వైరాగ్యమైతే నాకు తక్కువేముంది స్వామీ?”

అతని వెనకే నిలబడిన భార్య సుంకమ్మ ఆ మాటకు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఊర్లో ఎవురింట్లో పెండ్లయినా ఓళిగలు నేనే చేస్తా స్వామీ. అందరూ తింటారు. ఈయప్ప మాత్రం నా చేతి కూడు ముట్టడు. వేరే పొయ్యి పెట్టుకున్యాడు. ఇప్పుడు ఇంటికే రానంటాండాడు.”

కథ ఇదీ. పెన్నోబిలేసుకు చిన్నప్పటి నుంచి వేరుశనగ పడదు. మా అనంతపురం సీమలో వేరుశనగ పడకుండా బతకడమంటే మాటలు కాదు. పచ్చట్లో అదే, కూరలో అదే, పొడిలో అదే. నిరుడు ఎవరింట్లోనో తెలియక చట్నీ నాలుకకు తగిలించి, గొంతు వాచి, ఆసుపత్రిలో చావు తప్పించుకున్నాడు. ఆ భయం తీరకముందే కడుపుబ్బరం, విరేచనాలు మొదలయ్యాయి. ఇక ఏది చూసినా అతనికి వేరుశనగే కనిపించింది. గొంతు సంగతినీ కడుపు సంగతినీ ఒకే గాటన కట్టి, పళ్ళెంలోంచి ఒక్కొక్కదాన్నే వెళ్ళగొట్టాడు. చివరికి వండే మనిషి వంతు వచ్చింది.

“నీకు పడనిదేదో నీకు తెలుసునా?” అని అడిగాడు స్వామి.

“చెనక్కాయలు స్వామీ.”

“అది తెలిసిందే. దాని జోలికి పోవద్దు. తక్కినవి?”

“పడవేమోనని వదిలితి స్వామీ.”

“అది తేలేదాకా ఈడనే ఉండు. తేలినాక కాషాయం మాట మాట్లాడుదాం” అని, సుంకమ్మకు ధైర్యం చెప్పి ఊరికి పంపి, మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని కదిరిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు స్వామి. నేనూ వెళ్ళాను. రక్తపరీక్ష చేసి గోధుమ సంగతి తేల్చమని మాస్టరు అడిగితే ఆమె నవ్వింది. “మానేసినవాళ్ళ రక్తంలో ఏం కనిపిస్తుందండీ? కొన్ని వారాలు రోజూ తిని రండి, అప్పుడు చేద్దాం. కొత్తగా ఇంకేదీ కలపొద్దు. అసలే మీకు ఒకటి పడదు కాబట్టి, మొదటి ముక్క మాత్రం ఇక్కడ నా ముందే తినాలి.” వదిలింది సరైనదో కాదో తెలియాలంటే మళ్ళీ నోట పెట్టాలన్న మాట మాస్టరుకు మింగుడు పడలేదు. అయినా స్వామి కళ్ళెదుట ఉన్నాడు కనక తిన్నాడు. ఏమీ కాలేదు.

ఆశ్రమానికి తిరిగి రాగానే స్వామి చేసిన పని ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. వంటింట్లోని వేరుశనగ పొడి, నూనె అన్నీ ఊళ్ళోవాళ్ళకు ఇచ్చేయించి, పెనం, రోలు, గరిటెలు తానే కూర్చుని తోమాడు. చెనక్కాయ పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి ఆయన. ఒక శిష్యుడి కోసం దాన్ని మానుకుంటున్నానని ఒక్కసారి కూడా అనలేదు.

ఇక రోజూ పెన్నోబిలేసు పళ్ళెంలో ఎప్పుడూ తినే అన్నం, పెసరకట్టు, వాటితో పాటు ఒక వట్టి గోధుమ రొట్టె. కొన్నాళ్ళకు కడుపు ఉబ్బింది. “గోధుమలే స్వామీ! నేను ముందే చెప్పలా?” అని గెలిచినవాడిలా వచ్చాడు.

స్వామి వంటింటి వైపు చూశాడు. వంట చేసే లక్కమ్మవ్వ తలుపు చాటున నిలబడి ఉంది. “అవ్వా, రొట్టె ఒకటే పెడితివా?”

అవ్వ నసిగింది. “ఇంటికొచ్చిన మనిషికి వట్టి రొట్టె పెట్టేది మా ఇంటా వంటా లేదు సామీ. మనసొప్పక రోంత సగ్గుబియ్యం పాయసం పోస్తి. ఆ బిడ్డ వద్దన్యాడు, నేనే ఊరుకోకపోతి.”

ఇన్నాళ్ళ శ్రమా గంగపాలు. పాయసంలోని పాలు చేశాయో గోధుమ చేసిందో చెప్పేవాళ్ళు లేరు. నాకైతే అవ్వ మీద ఒళ్ళు మండింది. స్వామి నవ్వాడు. “మళ్ళా మొదట్నుంచి” అన్నాడంతే. వట్టి రొట్టె పెట్టడం అవ్వకు తప్పు చేసినట్టు ఉండకూడదని ఆ రోజు నుంచి తనకూ వట్టి రొట్టె, పెసరకట్టే వడ్డించమన్నాడు. పెన్నోబిలేసు పక్కనే కూర్చుని, ఎన్ని వారాలు పట్టినా, విసుగన్నది లేకుండా అదే తిన్నాడు. పరీక్ష ఆ మాస్టరుకైతే ఓపిక స్వామిది. నిజం చెప్పాలంటే, వేదాంతం వింటున్నప్పటి కంటే ఆ పంక్తిలో చూసినప్పుడే ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

తేలింది. రొట్టె తిన్నన్నాళ్ళూ కడుపు గోల పెట్టింది. రక్తపరీక్షలో జబ్బేమీ కనబడలేదు. రొట్టె మానితే కడుపు నెమ్మదించింది, మళ్ళీ తింటే మళ్ళీ గోల. “పేగుల జబ్బు కాదు, గోధుమ మీకు సరిపడదు, అంతే” అంది డాక్టరమ్మ. తర్వాత పాలు, కందిపప్పు, వంకాయ ఒకదాని తర్వాత ఒకటి పళ్ళెంలోకి తిరిగి వచ్చాయి. ఏ పాపమూ ఎరగనివి అన్నీ.

కబురందుకుని సుంకమ్మ వచ్చింది. చేతిలో ఎప్పటి ఓళిగలు, అవే బొబ్బట్లు, లేవు. అదే పూర్ణాన్ని గోధుమపిండికి బదులు బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో ముంచి, పొద్దుతిరుగుడు నూనెలో వేయించి పూర్ణాలు తెచ్చింది. బుట్ట ముందు పెట్టి, తింటాడో తినడో అని మొగుడి ముఖం చూడలేక గోడ వైపు చూస్తూ నిలబడింది. పెన్నోబిలేసు ఒకటి తీసుకుని తిన్నాడు. కాసేపాగి ఇంకొకటి తీసుకున్నాడు. అప్పుడు ఇటు తిరిగింది సుంకమ్మ.

నోరు తుడుచుకుని, తల వంచుకుని, పెన్నోబిలేసు నెమ్మదిగా అడిగాడు: “మరి కాషాయం సంగతి స్వామీ?”

స్వామి బుట్టలోంచి తానూ ఒక పూర్ణం తీసుకుని సుంకమ్మ వైపు చూశాడు.

“ఒక్క గోధుమ చేసిన పనికి పాలను, పప్పును, వంకాయను వెలేస్తివి. ఈ బిడ్డను ఏది చేసిన పనికి వెలేస్తివో, ఇంటికి పోయి నిదానంగా తేల్చుకోని రాప్పా.”