గ్రాఫిక్స్ కార్డుకి పథ్యం పెట్టిన తెడ్డుపాటి వారు

మండపేటలో తెడ్డుపాటి వారికి ఉన్నంత తెలివి ఈ భూమ్మీద ఇంకెవరికీ లేదు. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే వీధిలో నిలబడి చెప్పుకునేవారు. ఉన్న తెలివి ఊరికే వాడేస్తే అరిగిపోతుందని భద్రంగా దాచుకునేవారు కూడా. అందుకే అది ఆ ఇంట్లో మూడు తరాలుగా మడత విప్పని పట్టుచీరలాగా కొత్తగానే ఉండిపోయింది.

ఇంటి పెద్ద మంగతాయారు. ఓసారి జ్వరం వస్తే డాక్టరు మూడు మాత్రలిచ్చి, ఒక్కోటీ భోజనం చేశాకే వేసుకోవాలన్నాడు. తొందరగా తగ్గాలని ఆవిడ ఆ పూటే వరసగా మూడు భోజనాలు చేసి మూడు మాత్రలూ మింగింది. జ్వరం హడలిపోయి పారిపోయింది. "చెప్పింది చెప్పినట్టు చేస్తే తగ్గని రోగం లేదు" అని అప్పట్నించీ ఊరందరికీ ఆవిడే వైద్యం. కొడుకులు బుల్లియ్య, గనిరాజు తల్లిని మించినవాళ్ళు. ఇద్దరూ ఇంటి ముందు గదిలో పెళ్లి వీడియోల షాపు నడిపేవారు. ఆఖరిది పద్మలీల. పాపం, ఆ పిల్లకి కాస్త బుర్ర పనిచేసేది. అదేం జబ్బో అని ఇంటిల్లిపాదీ దిగులు పడేవారు.

ఆ పద్మలీలకి పెళ్లి కుదిరింది. వీడియో తీసేది ఎవరు, అన్నలే. పీటల మీద పిల్లని కూర్చోబెట్టాక మంగతాయారు పెద్దకొడుకుని పిలిచి, "ఒరే బుల్లియ్యా, వియ్యపురాలు వరహాలమ్మగారికి ఏ లోటూ రాకూడదు. నువ్వు ఆవిడ ముందే ఉండరా" అంది. అంతే, బుల్లియ్య కెమేరా పట్టుకుని వెళ్లి వరహాలమ్మగారి కుర్చీ ముందు గోడలా నిలబడ్డాడు. ఆవిడ ఎడమకి వంగితే ఎడమకి వంగాడు, కుడికి వంగితే కుడికి వంగాడు. పెళ్లికొడుకు మూడుముళ్ళూ వేశాడు, అక్షింతలు పడ్డాయి, మేళం ఆగింది. వరహాలమ్మగారు చూసింది మాత్రం బుల్లియ్య వీపు ఒక్కటే.

ఆవిడ మామూలు మనిషా, ఆవిడ తుమ్మితే రామచంద్రపురంలో తలుపులు పడతాయి. "నా ఒక్కగానొక్క కొడుకు పెళ్లి. మూడుముళ్ళూ నా కళ్ళతో నేను చూడలేదు. చూసేదాకా నాకు కోడలు లేదు" అని తెగేసి చెప్పింది. ఎంతమంది బతిమాలినా దిగిరాలేదు. చివరికి, "పదహారు రోజుల పండగకి వస్తాను. ఆ వీడియోలో అయినా చూపించండి. చూస్తే పిల్లని తీసుకెళ్తాను, లేకపోతే లేదు" అని కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

పద్మలీల సూట్‌కేసు సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. పెళ్లికొడుకు కామరాజు గంటకోసారి ఫోను. "అయ్యిందా?" "లేదండీ." "ఎంతయింది?" "మీ ఊరేగింపు దాకా వచ్చిందండీ." వారం తర్వాత అడిగినా ఊరేగింపు ఇంకా అక్కడే ఉంది.

ఎందుకంటే షాపులో కంప్యూటరుకి కొత్తగా పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయించారు. అది వీడియో తయారుచెయ్యడం మొదలెడితే గదంతా కుంపటి. దాని మీద అప్పడాలు కాలేవి. కిటికీ మీద వాలిన కాకి తెల్లబడి ఎగిరిపోయింది. సగం దాకా వచ్చేసరికి వేడెక్కి టప్పున ఆగిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేది. పదకొండో రోజుకి పద్మలీల ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు గనిరాజు రాజమండ్రిలో కంప్యూటర్లు బాగుచేసే ఇస్మాయిల్ గారికి ఫోను చేశాడు.

ఇస్మాయిల్ గారు నెమ్మదస్తుడు. "కంగారేం లేదు బాబూ. ఆ కార్డుకి కావలసినదానికంటే వోల్టేజీ ఎక్కువ వెళ్తోంది, అందుకే ఆ వేడి. వోల్టేజీ కొంచెం తగ్గించండి, పని చేయించి చూడండి. ఇంకొంచెం తగ్గించండి, మళ్ళీ చూడండి. ఎక్కడ ఆగిపోతుందో అక్కణ్ణించి కాస్త పెంచి వదిలెయ్యండి. పనికి లోటు రాదు, వేడి సగానికి సగం తగ్గుతుంది" అన్నాడు.

"ఇంతేనా" అని గనిరాజు ఫోను పెట్టేశాడు. ఎలా తగ్గించాలో అడగలేదు. అడిగితే తెలివి లేదనుకుంటారని.

"వోల్టేజీ ఎప్పుడు తగ్గుతుందన్నయ్యా?" అన్నాడు.

"పొద్దున్నే వీధిలో అందరూ మోటార్లు వేసినప్పుడు. బల్బు గుడ్డి దీపమైపోదూ?"

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ వీధిన పడ్డారు. మొదట పక్కింటి కొండాయమ్మ తలుపు కొట్టారు.

"పిన్నీ, మీ గ్రైండరు కాస్త తిప్పండి."

"పప్పు నానబొయ్యలేదు కదరా."

"ఉత్తదే తిప్పండి పిన్నీ. మా కార్డుకి వేడి చేసింది."

"వేడి చేస్తే మజ్జిగ పొయ్యండి. నా గ్రైండరు ఏం చేసిందిరా మధ్యలో?"

పోనీ పెళ్లికూతురి కోసమని ఆవిడ గ్రైండరు వేసింది. బుల్లియ్య ఇంటికి పరిగెత్తి వీడియో నడిపి చూశాడు. నడుస్తోంది. "ఇంకొంచెం తగ్గించు" అని కేకేశాడు. గనిరాజు ఎదురింటివాళ్ళ మిక్సీ వేయించాడు. మళ్ళీ చూశారు. ఇంకొంచెం. నీళ్ళ మోటార్లు, ఇస్త్రీ పెట్టెలు, సెలూన్లో తల ఆరబెట్టే మిషను, చివరికి వీధి చివర రైసు మిల్లు. మిల్లు మోటారు అందుకోగానే స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మరు దీపావళి చేసుకుంది. పట్టపగలే వీధంతా చీకటిపడినంత పనయింది.

"ఆగిపోయింది" అని బుల్లియ్య గంతులేశాడు. "ఇక్కణ్ణించి కాస్త పెంచాలి. పిన్నీ, మీ గ్రైండరు ఆపెయ్యండి."

"నేను ఆపేదేంట్రా, మీ పుణ్యమా అని అదే ఆగి చచ్చింది" అంది కొండాయమ్మ, గరిటె పుచ్చుకుని.

లైన్‌మన్ వచ్చి కరెంటు ఇచ్చేసరికి రెండు రోజులు పోయాయి. ఈసారి పద్మలీలే ఇస్మాయిల్ గారికి ఫోను చేసింది. ఆయన నవ్వి నవ్వి నీళ్ళు తాగి, "వీధి వోల్టేజీ కాదమ్మా, కార్డు వోల్టేజీ. కంప్యూటరులోనే గీత ఉంటుంది, దాన్ని కిందికి జరుపు" అని దారి చెప్పాడు. పిల్ల కూర్చుని గీత కాస్త జరిపింది, నడిపింది. మళ్ళీ జరిపింది, నడిపింది. ఒకచోట ఆగిపోయింది. కాస్త పైకి జరిపి వదిలేసింది. కార్డు వెన్నపూసలా చల్లబడింది. పని మాత్రం అదే పని.

అది చూసి మంగతాయారు ముక్కున వేలేసుకుంది. "తక్కువ పెడితే అంతే పని చేస్తోంది, పైగా చల్లగా ఉంది. మరి మన గనిరాజుకి పూటకి ఎనిమిది ఇడ్లీలు ఎందుకు పెడుతున్నట్టు?"

అంతే. ఆ పూట ఏడు ఇడ్లీలు పెట్టి, గనిరాజు చేత పెళ్లి వీడియోలో మిగిలిన పని చేయించారు. చేశాడు. మధ్యాహ్నం ఆరు. చేశాడు. సాయంత్రం అయిదు. బుల్లియ్య మాటిమాటికీ తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసి, "చల్లగానే ఉన్నాడమ్మా" అని చెప్పేవాడు. మర్నాటికి ఇడ్లీ ఒకటికి దిగింది, గనిరాజు కీబోర్డు మీద తల వాల్చేశాడు.

"ఆగాడు. ఇక్కణ్ణించి కాస్త పెంచాలి" అని మంగతాయారు అర ఇడ్లీ తెచ్చి నోట్లో కుక్కింది.

"అమ్మా, చట్నీ ఉందా?" అన్నాడు గనిరాజు కళ్ళు తెరవకుండా.

"చట్నీ వేస్తే వేడి చేస్తుంది నాయనా."

పద్మలీల చూళ్ళేక వంటింట్లోకి వెళ్లి అన్నం కలిపి తెచ్చింది. అప్పటికి పధ్నాలుగో రోజు. ఆ సాయంత్రం ఇస్మాయిల్ గారే ఫోను చేసి ఎలా ఉందని కనుక్కున్నాడు. అన్నీ విని, "ఇంకో సంగతి. ఆ కార్డు పని లేనప్పుడు కూడా కరెంటు తింటూనే ఉంటుంది. అది చూసుకోండి. రెండు తెరలు పెట్టారు కదా, ఒకటి తీసెయ్యండి. చూసేవాళ్ళు లేనప్పుడు రెండోదీ ఆపెయ్యండి" అన్నాడు.

మంగతాయారుకి కోపం నషాళానికెక్కింది. "పని లేకుండా కూర్చుని తింటోందా? మన ఇంట్లోనా? పని చెప్పండిరా దానికి."

ఇంకేముంది, అన్నదమ్ములు కార్డుకి పని వెతికారు. దొడ్లో గేదె నెమరేస్తుంటే వీడియో తీసి, దాని మీద గులాబీ రేకులు కురిపించి కార్డుకి ఇచ్చారు. అది మూడు గంటల్లో చేసేసింది. ఖాళీ ఇవ్వకూడదని ఆవకాయ జాడీలు తీశారు. జాడీల చుట్టూ హంసలు ఎగిరించారు. తర్వాత గోడ మీద బల్లి, ఆరేసిన దుప్పట్లు, గనిరాజు గురక. ఒకటి అవుతుంటే ఇంకోటి వరసలో పెట్టారు. పదిహేనో రోజు మధ్యాహ్నానికి ఆ వరసలో డెబ్భై ఎనిమిది వీడియోలు ఉన్నాయి. డెబ్భై తొమ్మిదోది పద్మలీల పెళ్లి.

"ఏరా అన్నయ్యా, నా పెళ్లి ఎప్పటికి వస్తుంది?"

"బల్లి అయిపోయాక, దుప్పట్ల వెనకాలే తల్లీ. అందర్నీ ఒకేలా చూడాలి కదా."

పద్మలీల ఇద్దర్నీ మార్కెట్టుకి పంపించి, గేదెనీ బల్లినీ అన్నిటినీ తీసేసి, తన పెళ్లి తనే కూర్చుని పూర్తిచేసింది. రెండు గంటల్లో అయిపోయింది. చూసుకుని ఏడ్చింది కూడా, ఎంత బాగా వచ్చిందో.

పదహారో రోజు వరహాలమ్మగారు కొడుకుని వెంటబెట్టుకుని కారులో దిగింది. "ముందు నేనొక్కదాన్నే చూస్తాను. తరవాతే మిగతావాళ్ళు" అని గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చుంది. పెళ్లికూతుర్ని అలంకరిస్తున్నారు, పద్మలీల లోపల ఉంది. అన్నలు మాత్రం తెర పక్కనే నిలబడ్డారు. చూసేవాళ్ళు లేనప్పుడు తెర ఆపాలి కదా మరి. బుల్లియ్య స్విచ్చి మీద వేలు పెట్టి, వరహాలమ్మగారి కళ్ళలోకి రెప్పవెయ్యకుండా చూస్తూ నిలబడ్డాడు.

బొమ్మ మొదలైంది. ఊరేగింపు వచ్చింది, జీలకర్రా బెల్లం పెట్టారు. మేళం జోరందుకుంది. కామరాజు మంగళసూత్రం ఎత్తాడు. వరహాలమ్మగారి గుండె నిండిపోయింది. భక్తిగా రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

"చూడట్లేదు" అన్నాడు గనిరాజు. బుల్లియ్య టక్కున నొక్కాడు.

ఆవిడ కళ్ళు తెరిచేసరికి తెర నల్లగా ఉంది. "ఏమైంది అబ్బాయ్?" అంటే మళ్ళీ తెర వెలిగించారు. అప్పటికి ఆశీర్వచనం నడుస్తోంది. "వెనక్కి తిప్పండి" అంది. తిప్పారు. మంగళసూత్రం లేచింది, చేతులు లేచాయి, కళ్ళు మూతపడ్డాయి, తెర నల్లబడింది. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆవిడ, "మీ తెరకి నా మొహం నచ్చలేదు. నాకు మీ తెర నచ్చలేదు. ఒరే కామరాజూ, ఇలా రా. నా ముందే, ఇక్కడే, ఇప్పుడే కట్టు" అంది.

మంగతాయారు పసుపుతాడు తెచ్చింది. పద్మలీలని తెచ్చి కూర్చోబెట్టారు. కామరాజు పదహారు రోజుల బెంగంతా వేళ్ళలో పెట్టుకుని మూడుముళ్ళూ వేశాడు. ఈసారి వరహాలమ్మగారు కళ్ళు రెండూ పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. చూసి, పిల్ల బుగ్గలు పుణికి, "అమ్మయ్య. ఇదీ పెళ్లంటే. అప్పుడు జరిగింది నా లెక్కలో పెళ్లే కాదు. నా కొడుకు పెళ్లి ఇవాళ జరిగింది. పద తల్లీ, కారెక్కు" అంది.

అందరి కళ్ళూ చెమర్చాయి. పద్మలీల కారెక్కి, స్టీరింగు పట్టుకున్న కామరాజు పక్కన కూర్చుంది, వరహాలమ్మగారు వెనక సీట్లో ఎక్కింది. బుల్లియ్య సూట్‌కేసు మోసుకుంటూ వెనకాలే వచ్చి, సగం దారిలో ఆగి, వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"అత్తయ్యగారూ, పెళ్లి ఇవాళే జరిగిందన్నారు కదండీ?"

"అవును నాయనా."

"మరి పదహారు రోజుల పండగకి ఇంకా పదిహేను రోజులుందండీ. అప్పటిదాకా పిల్ల పుట్టింట్లోనే ఉండాలి కదండీ."

వరహాలమ్మగారు నోరు తెరిచింది. పద్మలీల మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. తలుపు లోపల్నించి గడియ వేసి, "పోనివ్వండి, పోనివ్వండి" అని మొగుడి భుజం చరిచింది. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

వీధిలో అన్నదమ్ములు మిగిలారు, మధ్యలో సూట్‌కేసు.

"చెల్లెలు పద్ధతి తప్పింది" అన్నాడు గనిరాజు బాధగా.

"పోనీలేరా. ఇదైనా పద్ధతిగా వెళ్లాలి" అన్నాడు బుల్లియ్య.

ఆ సూట్‌కేసుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మంగతాయారు దిష్టి తీసి, లోపల పట్టెమంచం మీద కూర్చోబెట్టారు. పద్మలీల అత్తగారి చీరలు మూడు చుట్లు చుట్టుకుని తిరుగుతున్న ఆ పదిహేను రోజులూ, ఇక్కడ దానికి పూటపూటా హారతి ఇచ్చారు. పదహారో రోజున మంచి గడియ చూసి, మేళం పెట్టి, వడిబియ్యం పోసి, కన్నీళ్ళు పెట్టుకుంటూ దాన్ని అత్తారింటికి సాగనంపారు.