కొఠారు దొరగారి పెట్టె

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమున్నా నా మీసం గీయించుకుంటా, అదీ ఒక పక్కే.

ఒక రాజుగారి కొఠారుకి పేర్రాజు అధికారి. కోటకి ఏ సరుకొచ్చినా, పై అధికారులందరి ముద్రలూ పడేదాకా పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మీదే కూర్చునేవాడు. కోటకి కూరలమ్మే సుంకులమ్మ తెచ్చే ఆకుకూర అందులోనే కుళ్ళేది.

"మళ్ళీ కుళ్ళు సరుకు తెస్తే కోట గడప తొక్కనివ్వను!" అని ఆమె మీదే అరిచేవాడు.

ఈసారి సుంకులమ్మ పొదుగుతున్న కోడి కిందనుంచి, రేపోమాపో పిల్లలయ్యే గుడ్లు తీసి పట్టుకెళ్ళింది.

"గుడ్లు దొరా, తొందరగా చూడండి."

"తొందరేంటే? ముద్రలు పడాలి!" అని గుడ్లని పెట్టెలో గడ్డిమీద పెట్టించి, ఎక్కి కూర్చున్నాడు, రాత్రికి కూడా దిగలేదు. మనిషా, మంచి వెచ్చటి మనిషి!

మర్నాడు సుంకులమ్మ గుడ్ల డబ్బుకోసం వచ్చిన వేళకే రాజుగారూ కొఠారు చూడ్డానికొస్తే, పేర్రాజు కిందనుంచి కిచకిచమని ఒకటే గోల. పెట్టె తీస్తే అన్నీ కోడిపిల్లలే!

"మోసం ప్రభూ! గుడ్లని చెప్పి పిల్లల్ని తెచ్చింది. ఇప్పుడే తెచ్చింది, నేనింకా చూడనేలేదు!"

"అలాగా దొరా? అయితే కాస్త అటు నడవండి," అంది సుంకులమ్మ.

పేర్రాజు నడిచాడు. పిల్లలన్నీ ఆయన వెనకే పరుగు. ఆయన తిరిగితే అవీ తిరిగాయి.

"పొదిగినోళ్ళ వెంటే పోతాయి ప్రభూ. నేను తెచ్చింది గుడ్లే. ఇక నా ఆకుకూర ఎందుకు కుళ్ళిందో మీరే చెప్పండి."

రాజుగారు పడీపడీ నవ్వి, ఆ రోజునుంచి సరుకుని గుమ్మం దగ్గరే ఒక్కసారి చూసి నేరుగా వంటింటికి పంపమన్నారు.

పేర్రాజు మాత్రం ఎక్కడ కూర్చోబోయినా జనం ముందే అడిగేవాళ్ళు: "ఆగండి దొరా, కింద ఏమన్నా ఉన్నాయా?"